మలావీ పల్లెలో మందిరం కట్టడానికి సాయం: డబ్బు, భూమి, కప్పు గురించి సలహాలు కావాలి

పెరంబూరు_మిషన్_కమిటీ

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. చెన్నై పెరంబూరులో మాది ఒక చిన్న తెలుగు సంఘం. దక్షిణ మలావీలో, బ్లాంటైర్‌కి రెండు గంటల దూరంలో ఉన్న ఒక పల్లె సంఘానికి మందిరం కట్టించాలని మా పెద్దలు తీర్మానించారు. అక్కడి పాస్టరుగారు మన దేశంలో వేదాంతం చదువుకుని వెళ్లినవారు, ఆయన పనిని బాగా ఎరుగుదుం. ఇప్పుడు ఆరాధన మామిడి చెట్టు కింద జరుగుతోంది. వానలు పడితే కూడిక ఆగిపోతుంది. 150 మంది కూర్చునే మందిరం కావాలి. కానుకలు, వాగ్దానాలు కలిపి 12 లక్షల వరకు ఉన్నాయి.

మా సంఘంలోని సివిల్ ఇంజనీర్ బ్రదర్ శ్లాబ్ వేసి, ముందు గోపురం పెట్టి ప్లాను గీశారు. క్రిస్మస్ సెలవుల్లో ఎనిమిది మంది యువకులు, ఒక మేస్త్రి వెళ్లి మూడు వారాల్లో గోడలు లేపాలని ఆలోచన. బల్లలు, మైక్ సెట్టు, బట్టలు చెన్నై పోర్టు నుంచి కంటైనర్‌లో పంపాలని కొందరంటున్నారు. డబ్బు సంఘం ట్రస్టు ఖాతా నుంచి నేరుగా పంపవచ్చా? భూమి మా ట్రస్టు పేరున రాయించుకోవడం మంచిదా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇది దేవుని సొమ్ము, ఒక్క రూపాయి కూడా వృథా కాకూడదు.

ఇటుక_పని

వందనాలు బ్రదర్. కట్టడం సంగతి నేను చెబుతాను. డబ్బు, చట్టం సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

ముందు శ్లాబ్ మానేయండి. 150 మందికి ఎనిమిది మీటర్ల వెడల్పు, పద్దెనిమిది మీటర్ల పొడవు లోపలి కొలత సరిపోతుంది. మన లెక్కలో 26 అడుగులు, 59 అడుగులు. అంత వెడల్పు మీద శ్లాబ్ వేయాలంటే పెద్ద బీములు కావాలి. బీములతో కలిపి 25 ఘనపు మీటర్లు దాటి కాంక్రీటు, 170, 180 బస్తాల సిమెంటు, రెండు టన్నులకు పైగా ఇనుము పడుతుంది. రేకుల కప్పుతో కడితే మొత్తం భవనానికే 150 నుంచి 170 బస్తాలు చాలు. అంటే శ్లాబ్ ఒక్కటే ఇంకో మందిరమంత సిమెంటు తినేస్తుంది. మలావీకి సముద్రం లేదు. ఇనుము మొజాంబిక్‌లోని బెయిరా, నకాలా రేవుల నుంచో, టాంజానియాలోని దారెస్సలాం నుంచో లారీల్లో రావాలి, ఆ రవాణా ఖర్చంతా ధరలో కలుస్తుంది. పైగా సెంట్రింగ్ చెక్క, వైబ్రేటరు, అంత కాంక్రీటు ఒక్కరోజులో పోసే మనుషులు పల్లెలో దొరకరు. పోత మధ్యలో ఆగితే అతుకు దగ్గర జీవితాంతం కారుతుంది.

అక్కడ అందరూ కట్టేది కాల్చిన ఇటుక గోడ, పైన రేకులు. ఆ పని అక్కడి మేస్త్రీలకు మనకంటే బాగా వచ్చు. బ్లాంటైర్‌లోని సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ చర్చి 1888 నుంచి 1891 మధ్య కట్టారు. కట్టించిన మిషనరీ డేవిడ్ క్లెమెంట్ స్కాట్ వాస్తుశిల్పం చదివినవాడు కాదు. ఇటుక అక్కడే చేశారు, పని చేసింది అక్కడి మనుషులే. గుమ్మటంతో, కమానులతో ఆ కట్టడం ఈనాటికీ నిలిచి ఉంది.

స్థలం చూసేటప్పుడు మొదట మట్టి చూడండి. నల్లరేగడి ఉంటే అక్కడ వద్దు, మన కృష్ణా గుంటూరు వైపు పగిలినట్టే అక్కడా గోడలు పగులుతాయి. వేరే చోటు లేకపోతే గట్టి పొర తగిలేదాకా తవ్వాలి. ఎర్రమట్టి నేలలో 60 సెం.మీ. వెడల్పు, 75 నుంచి 90 సెం.మీ. లోతు కాలువ తీసి, అడుగున 20 సెం.మీ. కాంక్రీటు 1:3:6 (సిమెంటు, ఇసుక, కంకర) పాళ్లలో వేస్తే చాలు. నేల మట్టం నుంచి ప్లింత్, అంటే నేల పైకి లేచే పునాది భాగం, కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తు ఉండాలి. ప్లింత్ మీద, గోడ మొదలుపెట్టే ముందు, మందపాటి పాలిథీన్ షీటో తారు షీటో పరచడం మరవకండి. అది లేకపోతే తడి గోడలోకి ఎక్కుతుంది, ఆ తడిని పట్టుకుని చెదలు పైకి వెళ్తాయి.

ఇటుకల లెక్క: తొమ్మిది అంగుళాల గోడ, మూడు మీటర్ల ఎత్తు, రెండు త్రికోణపు గోడలు, పునాది, పిల్లర్లు కలిపి 30 నుంచి 35 వేలు పడతాయి. బట్టీ బయటి వరసలు సరిగా కాలవు కాబట్టి 40 వేలు కోయించాలి. వచ్చిన ఇటుక మంచిదో కాదో చూడడానికి యంత్రం అక్కర్లేదు. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టితే ఖణఖణ మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. నడుము ఎత్తు నుంచి నేల మీద వదిలితే ముక్కలు కాకూడదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి తీస్తే అంచులు అరగకూడదు. బట్టీలో పై వరస నుంచి, నడి మధ్య నుంచి, అడుగు నుంచి నాలుగేసి తీసి చూడమనండి. పై వరసవే చూసి డబ్బు ఇచ్చేయడం మామూలుగా జరిగే పొరపాటు.

గోడ పొడవునా రెండుంపావు మీటర్లకొక పిల్లరు లాంటి ఒత్తు కట్టాలి, ట్రస్సు, అంటే కప్పు బరువు మోసే త్రికోణపు చట్రం, దాని మీదే కూర్చుంటుంది. అన్ని గోడల మీదుగా చుట్టూ ఒక రింగ్ బీమ్, అంటే గోడలన్నిటినీ కలిపి పట్టే కాంక్రీటు పట్టీ, తప్పనిసరి. 23 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు, 12 ఎం.ఎం. కమ్ములు నాలుగు, 20 సెం.మీ.కొక రింగు. 52 మీటర్ల చుట్టుకొలతకు అతుకులతో కలిపి 12 ఎం.ఎం. కమ్మి దాదాపు 205 కిలోలు, సిమెంటు 16 బస్తాలు. పల్లెల్లో డబ్బు చాలక మొదట ఎగ్గొట్టేది దీన్నే, గాలివానకు కప్పు లేచిపోయేదీ ఇది లేని చోటే.

ఇక కప్పు. ఎనిమిది మీటర్లకు చెక్క ట్రస్సు చాలు, అది దాటితే ఇనుప ట్రస్సు కావాలి, అందుకే వెడల్పు ఎనిమిది దగ్గర ఆపాను. ఏడు ట్రస్సులు, రెండు చివరలా త్రికోణపు గోడలే ఆధారం. పర్లిన్లు, అంటే రేకులు బిగించే అడ్డ చెక్కలు, 90 సెం.మీ.కొకటి. చెక్క మందు పట్టించిన పైన్ అయి ఉండాలి. ఉత్తర మలావీలోని వీఫ్యా తోటల నుంచి వచ్చే పైన్ దొరుకుతుంది. మందు లేని చెక్క ఎంత చౌకగా వచ్చినా వద్దు. రేకులు ఒక్కో వాలుకు 29 వరసలు, వరసకు ఒక 3 మీటర్ల రేకు, ఒక 2.4 మీటర్ల రేకు. రెండు వాలులకు కలిపి 116. నాలుగు ఎక్కువ తెప్పించండి. రేకు 28 గేజ్ కంటే పలుచన కాకూడదు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని మన కమిటీల్లో చాలామందికి తెలియదు. 32 గేజ్ చౌక అని కొంటే మేకు దగ్గర చిరిగి రేకు ఎగిరిపోతుంది. కొట్లో రాసిచ్చిన గేజ్‌ని నమ్మకుండా చిన్న మైక్రోమీటరుతో కొలిపించండి, రంగు లేని చోట దాదాపు 0.4 మి.మీ. రావాలి. రబ్బరు వాషరు ఉన్న స్క్రూలు రేకు గట్టు మీదే పడాలి, పల్లంలో కాదు.

ట్రస్సును రింగ్ బీమ్‌కి కట్టే ఇనుప పట్టీలు కాంక్రీటు పోసేటప్పుడే లోపల పెట్టాలి. తర్వాత మేకుతో కొట్టింది నిలవదు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ మలావీని ఎలా ముంచిందో అందరికీ తెలుసు. మీరు కట్టేది ఆ ప్రాంతంలోనే.

క్రిస్మస్ సెలవుల్లో గోడలు అన్నారు. అక్కడ వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా పడతాయి. డిసెంబరులో పచ్చి ఇటుక కరిగిపోతుంది, లారీ ఊళ్లోకి రాదు, ఊరంతా మొక్కజొన్న పొలాల్లో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పంట చేతికొస్తుంది. జూన్, జూలైలో ఇటుక కోసి, ఆగస్టులో కాల్చి, సెప్టెంబరులో గోడ లేపి, అక్టోబరు ఆఖరుకి రేకులు పడిపోవాలి. ఈ క్రమం తప్పితే ఏడాది ఆగాల్సిందే. కప్పు లేని గోడ ఒక్క వానాకాలం తడిస్తే పై వరసలు తీసి మళ్లీ కట్టుకోవాలి.

పద్దుల_లెక్క

బ్రదర్, ట్రస్టు ఖాతా నుంచి నేరుగా పంపడం అంత తేలిక కాదు. ఆర్‌బీఐ వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ వ్యక్తులకు మాత్రమే. ట్రస్టులకు, సొసైటీలకు, కంపెనీలకు అది వర్తించదు. ఆ స్కీము కింద ఒక్కో వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు, దానిలో కానుకలు, విరాళాలు కూడా వస్తాయి. ట్రస్టు పేరునే పంపాలనుకుంటే బ్యాంకు ఫెమా (విదేశీ మారక చట్టం) విభాగానికి ముందే రాతపూర్వకంగా రాసి, జవాబు చేతికొచ్చాకే కదలండి.

దీనికి ఇంకో చిక్కుంది. 12ఏ రిజిస్ట్రేషన్ (ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేయించుకునేది) ఉన్న ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెడితే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేనిదే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు రాదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 11(1)(సి) కింద ఉండేది. కొత్త చట్టంలో సంఖ్యలు మారాయి కాబట్టి మీ ఆడిటరు చేత సరిచూపించండి. ట్రస్టు డీడ్‌లో విదేశంలో పరిచర్య అనే ఉద్దేశం ఉందో లేదో కూడా చూడండి. చాలా పాత డీడ్‌లలో ఉండదు.

కాబట్టి సులువైన దారి, ఎవరి కానుక వారే తమ సొంత ఖాతా నుంచి, తమ పాన్ మీద, విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే ఫారం ఏ2 నింపి పంపడం. విదేశంలోని మత, ధార్మిక సంస్థకు విరాళం అయితే పర్పస్ కోడ్ (ఎందుకు పంపుతున్నారో చెప్పే సంకేతం) ఎస్1303. వ్యక్తికి కానుక అయితే ఎస్1302. మీరు సంఘానికి పంపుతున్నారు కాబట్టి ఎస్1303 రాయాలి, పాస్టరుగారి సొంత ఖాతాకి అసలు వద్దు. 2025 ఏప్రిల్ నుంచి ఒక వ్యక్తి ఏడాదిలో పంపే మొత్తం 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్ను వేసేటప్పుడు దాన్ని పన్నులో సర్దుకోవచ్చు గానీ, అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. 12 లక్షలు నలుగురైదుగురు పంచుకుని పంపితే, వాళ్లు ఆ ఏడాది ఇంకే పనికీ పెద్ద మొత్తం పంపి ఉండకపోతే, ఈ గొడవే రాదు. పిల్లల విదేశీ చదువుకి పంపే తల్లిదండ్రుల పేరు మీద ఇది పెట్టకండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. సంఘంలో నలభై మంది డబ్బు కార్యదర్శి సొంత ఖాతాలో వేసి, ఆయన పేరు మీద పంపకండి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50 వేలు దాటి వచ్చిన డబ్బు మొత్తం ఆయన ఆదాయంగా లెక్కకొస్తుంది. సేవ చేయబోయిన మనిషికి నోటీసు తెచ్చిపెట్టినట్టవుతుంది. ఇలా పంపినదానికి ఇక్కడ 80జీ (పన్ను తగ్గింపు) రసీదు కూడా ఎవరూ ఇవ్వకూడదు, అది మన దేశంలో నమోదైన సంస్థలకే.

ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం గురించి చాలామంది గాభరా పడతారు. అది బయటి నుంచి మనకు వచ్చే డబ్బుకు. మీ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా ఉంటే దానిలోని ఒక్క రూపాయి కూడా ఈ పనిలో కలపకండి, అంతే.

బ్యాంకులో ఛార్జీల దగ్గర ఓయూఆర్ (ఛార్జీలన్నీ పంపేవారే భరించడం) అని రాయండి. ఎస్‌హెచ్ఏ (ఇద్దరూ పంచుకోవడం) అని రాస్తే దారిలో ఉన్న బ్యాంకు కోత కోసుకుని అక్కడ తక్కువ జమ అవుతుంది, తర్వాత లెక్క కలవక అనవసరంగా అనుమానాలు వస్తాయి. అక్కడి సంఘానికి విదేశీ కరెన్సీ ఖాతా, వాళ్లు ఎఫ్‌సీడీఏ అంటారు, తెరిపించండి. 2023 నవంబరులో అక్కడి రిజర్వు బ్యాంకు తమ కరెన్సీ క్వాచా విలువ తగ్గిస్తే డాలరు ఒక్కసారిగా 1,180 క్వాచాల నుంచి 1,700కి వెళ్లింది. ముందే మార్చి ఉంచుకున్నవాళ్లకు క్వాచాలు అన్నే ఉన్నాయి, సిమెంటు ధర మాత్రం పెరిగిపోయింది. డాలర్లలోనే ఉంచి, ఏ దశకు ఎంత కావాలో అంతే మార్చుకోవాలి. బయట వీధిలో ఎక్కువ రేటు ఇస్తామంటారు. అది చట్టవిరుద్ధం, రసీదు రాదు, మందిరం డబ్బుకు అది తగదు.

నాలుగు విడతలుగా పంపండి. భూమి కాగితం, కాల్చిన ఇటుకల లెక్క చూశాక పునాది సిమెంటుకు ఒకటి. ప్లింత్ అయ్యాక గోడకు ఒకటి. రింగ్ బీమ్ పోశాక రేకులు, చెక్కకు పెద్ద విడత. మిగిలింది గచ్చుకు, తలుపులకు. రేకుల డబ్బు బ్లాంటైర్‌లోని కొట్టు ఇచ్చిన ప్రొఫార్మా బిల్లు (అమ్మకానికి ముందు ఇచ్చే ధరల బిల్లు) మీద సంఘం ఖాతా నుంచి నేరుగా కొట్టుకే వెళ్లాలి. అక్కడ ధరలు నిలవవు, కొటేషన్ వారం దాటితే పనికిరాదని పెట్టుకోండి. ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉండాలి, వాళ్లిద్దరూ ఒకే కుటుంబం కాకూడదు.

గుండ్లకమ్మ_తీరం

డబ్బు, ఇటుక సంగతి పైన ఇద్దరూ చక్కగా చెప్పారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, ఎవరు ఏది కట్టాలి అనేది.

గోడ వాళ్లది, కప్పు మనది. ఆఫ్రికా పల్లె సంఘాలతో నెమ్మదిగా, గౌరవంగా పనిచేసే మిషన్లు పట్టుకునే పద్ధతి ఇదే. మట్టి, నీళ్లు, కట్టెలు, చేతిపని ఊరి వాళ్ల దగ్గర ఉన్నాయి. వాళ్ల దగ్గర లేనిది రొక్కం. రొక్కం లేకుండా రానివి సిమెంటు, ఇనుము, రేకులు, మందు చెక్క. మీ 12 లక్షలు అక్కడ పెట్టండి. ఇటుకకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. 40 వేల ఇటుకలు తామే కోసుకున్న సంఘం ఆ మందిరాన్ని తనదిగా చూసుకుంటుంది. అన్నీ మనమే చేసి తాళాలు చేతికిస్తే, రేకు ఒకటి ఊడినా చెన్నైకి ఫోన్ వస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1890లో మిషనరీ జాన్ నీవియస్ కొరియాలో కొత్త మిషనరీలకు చెప్పిందీ ఇదే: మందిరాలు అక్కడి విశ్వాసులే, తమ శక్తి కొద్దీ, తమ ఇళ్ల పద్ధతిలో కట్టుకోవాలి. మలావీలోనే జాన్ చిలెంబ్వే అనే బాప్టిస్టు పాస్టరు చిరాద్జులు జిల్లా ఎంబొంబ్వేలో తన జనంతో పెద్ద ఇటుక మందిరం కట్టి 1913లో పూర్తి చేశాడు. 1915లో ఆయన నడిపిన తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని మందుగుండు పెట్టి కూల్చేసింది. ఆయన బొమ్మ ఈనాడు ఆ దేశపు నోట్ల మీద ఉంది. కాబట్టి మందిరం కట్టడం వాళ్లకు మనం నేర్పాలి అనే ఆలోచనతో ఎవరూ బయలుదేరవద్దు.

మన తెలుగువాళ్లు ఇతర దేశాలకు సువార్త పని మీద వెళ్లడమూ కొత్త కాదు. నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారిని 1903లో తెలుగు బాప్టిస్టులే, తమ కానుకలతో, దక్షిణాఫ్రికా నేటాల్‌కి పంపారు. తోటల్లో కూలికి వెళ్లిన మనవాళ్ల మధ్య కియర్స్‌నీలో ఆ ఏడాదే సంఘం ఏర్పడింది. మిషన్ అంటే పడమటి దేశాలదే అనుకునే మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

కంటైనర్‌లో బట్టల గురించి ఒక మాట. మందిరం కడుతున్న సమయంలో అదే ఊళ్లో బట్టలు, బియ్యం పంచకండి. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. మీ చెన్నైలో పారే కాలువే అది. ఆ కరవు పని సాగినంతకాలం, పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సాయాన్నీ విశ్వాసాన్నీ ఒకే చేత్తో పంచకపోవడం ఎంత ముఖ్యమో మన చరిత్రలోనే ఉంది.

మైక్ సెట్టు, బల్లల మాట కూడా చెబుతాను. బల్లలు అక్కడి వడ్రంగి చేస్తాడు, లేదా గచ్చు మీద చాపలు చాలు. కంటైనర్ బెయిరాలో దిగి, లారీలో మలావీ చేరి, కస్టమ్స్ దగ్గర సుంకం మినహాయింపు కాగితం లేక ఆగిపోతే రోజుకింత డెమరేజ్ (ఆలస్యపు రుసుము) పడుతుంది. ఆ బల్లలకంటే అదే ఎక్కువవుతుంది.

పెరంబూరు_మిషన్_కమిటీ

అందరికీ చాలా వందనాలు. శ్లాబ్, కంటైనర్, డిసెంబరు ప్రయాణం మూడూ పక్కన పెడుతున్నాం. మూడు సందేహాలు. ఇటుక బట్టీకి కట్టెలు చాలా కావాలి కదా, అక్కడ అడవులు ఇప్పటికే తరిగిపోయాయని పాస్టరుగారు రాశారు. రెండోది, యువకులను అసలు పంపకూడదా? వాళ్లు చాలా ఆశతో ఉన్నారు. మూడోది భూమి, దాని గురించి ఎవరూ చెప్పలేదు.

ఇటుక_పని

కట్టెల సంగతి పాస్టరుగారు నిజమే రాశారు. బట్టీ పెట్టాలంటే అటవీ శాఖ వాళ్ల అనుమతి ముందే తీసుకోమనండి. కొండ మీద చెట్లు కొట్టి మందిరం కడితే వచ్చే వానకు ఆ కొండ మట్టి ఊరి మీదికే వస్తుంది. తోటల్లో పెంచిన నీలగిరి కట్టె కొనడం ఒక దారి.

ఇంకో దారి కాల్చని ఇటుక. ఎర్రమట్టిలో ఆరు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలిపి, చేతి ప్రెస్సుతో గట్టిగా నొక్కి, నీడలో గోనెపట్టా కప్పి వారం రోజులు తడుపుతూ ఆరబెడతారు. కట్టె అక్కర్లేదు. సిమెంటు బస్తాలు మాత్రం పెరుగుతాయి, కాబట్టి మీ లెక్క మారుతుంది. మట్టిలో జిగురు ఎక్కువ ఉంటే ఈ ఇటుక ఎండేటప్పుడు చీలుతుంది, ఇసుక కలపాలి. ముందు ఇరవై ఇటుకలు చేసి, ఏడు రోజులు పెట్టి, నీళ్లలో నానబెట్టి చూశాకే నిర్ణయించమనండి. ఈ పద్ధతిలో కడితే చూరు కనీసం 60 సెం.మీ. బయటికి రావాలి, వాన గోడకు కొట్టకూడదు.

ఏ ఇటుకైనా నీళ్లు ఎక్కడ నుంచి వస్తాయో అడగండి. ప్లానులో ఎవరూ రాయనిది ఇదే. ఇటుక కోయడానికి, కాంక్రీటు తడపడానికి నీళ్లు మోసేది ఆ సంఘంలోని ఆడవాళ్లు, అదీ కిలోమీటరు రెండు కిలోమీటర్ల నుంచి నెత్తి మీద. రింగ్ బీమ్ ఏడు రోజులు తడవకపోతే బలం రాదు, కానీ మూడో రోజుకే నీళ్లు ఆగిపోతాయి, ఎందుకంటే అలసిపోతారు. రెండు పెద్ద డ్రమ్ములు, ఒక ఎద్దు బండి అద్దె మీ డబ్బులోంచి ఇవ్వండి. అదే మంచి కానుక.

కప్పు పడ్డాక ఒక వైపు చూరుకి కాలువ పెట్టి ట్యాంకు కట్టిస్తే మేలు. ఏడాదికి 900 మి.మీ. వాన పడే చోట ఆ కప్పు మొత్తం మీద లక్షా ముప్పై వేల లీటర్లకు పైగా పట్టుకోవచ్చు. ఒక వైపే పట్టినా సగం. తలుపులు రెండు, రెండూ బయటికి తెరుచుకోవాలి. మరుగుదొడ్లు మందిరంతో పాటే కట్టండి, మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు రెండు, గాలి గొట్టం ఉన్న గుంట రకం. పిడుగుల ప్రాంతమైతే పిడుగు కడ్డీ పెట్టించండి. రువాండాలో 2018లో పిడుగుపాటుకు ఒక చర్చిలో 16 మంది పోయారు. అదే ఏడాది ఆ దేశం కట్టడాల భద్రత, శబ్దం, శుభ్రత చూసి వందల చర్చిలను మూయించింది, పాస్టర్లకు వేదాంత డిగ్రీ ఉండాలని చట్టమూ చేసింది. మలావీలో ఆ చట్టం లేదు. అయినా మంచి కట్టడానికి అవే కొలతలు.

కస్తూరి_అక్క

యువకుల గురించి చెబుతాను తమ్ముడూ. ఎనిమిది మంది టికెట్లు, వీసాల ఖర్చుతో ఆ కప్పు రేకులన్నీ వచ్చి ఇంకా మిగులుతుంది. గోడ కట్టడానికి అక్కడ చేతులకు కొరత లేదు, మనవాళ్లు వెళ్తే ఒక మేస్త్రి కూలి పోతుంది. ఇద్దరు వెళ్లండి చాలు. ఒకరు ట్రస్సు, రింగ్ బీమ్ చూడగలిగినవారు, ఒకరు రసీదులు చూడగలిగినవారు. సెప్టెంబరు ఆఖరులో పది పన్నెండు రోజులు. మిగతా యువకులు ప్రతి నెలా చిన్న మొత్తం వేసి, అక్కడి పిల్లవాడు ఒకడు వేదాంత కళాశాలలో చదివేలా చూస్తే మందిరం కంటే పెద్ద మేలు. కట్టిన మందిరంలో బోధించే మనిషి లేక తాళం పడ్డవి చాలా ఉన్నాయి.

టూరిస్టు వీసా మీద వెళ్లి పని చేయడం, కూడికలు పెట్టి బోధించడం వద్దు. అక్కడి సంఘం ఆహ్వాన పత్రంతో, వచ్చిన పని ఉన్నది ఉన్నట్టు రాసి వీసా అడగండి. ఎక్కువకాలం ఉండి పనిచేసేవారికి టెంపరరీ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ వేరే ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో ఒక అబద్ధం పట్టుబడితే ఇబ్బంది పడేది పాస్టరుగారు.

చెన్నై నుంచి చాలామంది ఆడిస్ అబాబా మీదుగా వెళ్తారు. ఇథియోపియా పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) ఉన్న దేశాల జాబితాలో ఉంది, తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడ సర్టిఫికెట్ అడగవచ్చు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో టీకా వేసి పసుపు కార్డు ఇస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అప్పుడే చెల్లుతుంది. మలేరియా అక్కడ ప్రాణాంతకమైన రకం, మాత్రలు డాక్టరు చేత రాయించుకుని, వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. చేతిలో విదేశీ నోట్లు 3,000 డాలర్లకు మించకూడదు. సంఘం డబ్బు జేబులో పెట్టుకుని వెళ్లడం మాత్రం అసలు వద్దు.

ఊళ్లోకి వెళ్లగానే ముందు ఊరి పెద్దను కలవాలి, ఆ తర్వాతే స్థలం దగ్గరికి. ఆడవాళ్లు నడుముకు చితెంజే గుడ్డ చుట్టుకుంటారు, మన అక్కాచెల్లెళ్లు వెళ్తే అదే చుట్టుకుంటే మర్యాదగా ఉంటుంది. పిల్లల ఫొటోలు తీసి కానుకల కోసం వాట్సాప్‌లో తిప్పకండి, వాళ్ల అమ్మానాన్నలను అడగకుండా అసలే వద్దు.

పద్దుల_లెక్క

భూమి సంగతి. మీ ట్రస్టు పేరున వద్దు, అది కుదరదు కూడా. పల్లె భూములు ఎక్కువ భాగం కస్టమరీ భూమి (ఆచారం ప్రకారం ఊరి అధీనంలో ఉండేది), 2016 కస్టమరీ ల్యాండ్ చట్టం కింద ఊరి పెద్ద, భూమి కమిటీ ద్వారా నడుస్తుంది. విదేశీయుల పేరున అది రాదు. పాస్టరుగారి సొంత పేరున కూడా వద్దు, ఆయన ఎంత మంచివారైనా సరే. ఆయన బదిలీ అయినా, కాలం చేసినా, ఆయన అన్నదమ్ములు హక్కు అడుగుతారు. మలావీలో చాలా చోట్ల తల్లి వైపు నుంచి భూమి వస్తుంది కాబట్టి భార్య తరఫువాళ్లకు కూడా మాట ఉంటుంది. ఆ స్థలం ఇచ్చిన కుటుంబంలోని ఆడవాళ్లు కూడా సంతకమో వేలిముద్రో వేశారా అని అడగండి. దీన్ని మనవాళ్లు ఎక్కువగా మరుస్తారు.

ఆ సంఘం ఏ డినామినేషన్‌లో ఉందో దానికి అక్కడ రిజిస్టర్డ్ ట్రస్టీస్ అనే చట్టబద్ధమైన రూపం ఉంటుంది. భూమి వాళ్ల పేరున ఉండాలి. స్థలం హద్దులు నాలుగు మూలలా రాళ్లు పాతి, ఊరి పెద్ద, పొరుగు రైతులు సాక్షి సంతకాలు పెట్టిన కాగితం, డినామినేషన్ ఆఫీసు నుంచి మీ పేరున ఒక ఉత్తరం. ఈ రెండూ స్కాన్ చేసి మీ చేతికి వచ్చేదాకా మొదటి విడత కదలకూడదు. ఆ ఉత్తరం పాస్టరుగారు పంపితే సరిపోదు, డినామినేషన్ ఆఫీసు ఫోన్ నంబరు మీరే వేరుగా కనుక్కుని మాట్లాడండి. ఆయన మీద అనుమానంతో కాదు. రేపు కొత్త కమిటీ వచ్చి అడిగితే ఆయనకూ మీకూ చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

స్థలం ఎకరం దొరికితే ఎకరం తీసుకోమనండి. మందిరానికి పావు ఎకరం చాలు గానీ, ట్యాంకు, మరుగుదొడ్లు, పాస్టరు ఇల్లు, సమాధుల స్థలం తర్వాత అడిగితే పక్క పొలం వాళ్లు ఇవ్వరు. ఇప్పుడు ఏ నెలలో ఉన్నారో చూసుకోండి. ఈ జూన్‌కి కాగితాలు రాకపోతే తొందరపడి పునాది వేయకండి, వచ్చే జూన్‌కి పెట్టుకుని డబ్బు ఇక్కడే డిపాజిట్‌లో ఉంచండి.